‘నిన్న చేశావుగా’ అనేవాళ్ళకి ఎలా చెప్పాలి?

మెట్లదారి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాకు 34 ఏళ్ళు. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బుంది. ఒంట్లో ఉన్న రోగనిరోధక శక్తే పొరబడి వెన్నెముక కీళ్ళలో, వెన్ను తుంటితో కలిసే చోట వాపు తెస్తుంది. 23 ఏళ్ళప్పుడు మొదలైంది, దానికో పేరుందని తెలిసేసరికి 30 వచ్చాయి. మధ్యలో ఏడేళ్ళూ ‘కూర్చునే పద్ధతి సరిగ్గా లేదు’, ‘పరుపు మార్చు’, ‘టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటున్నావు’ ఇవే విన్నాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఈ జబ్బు ఎక్స్‌రేలో బయటపడటానికి ఏళ్ళు పట్టొచ్చని, ఎమ్మారైలో చాలామందికి ముందే తెలుస్తుందని నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

దీంట్లో తిరకాసు ఏంటంటే, మామూలు నడుంనొప్పి పడుకుంటే తగ్గుతుంది, ఇది పడుకుంటే పెరుగుతుంది. రాత్రి మూడింటికో నాలుగింటికో నొప్పితో మెలకువ వస్తుంది, లేచి హాల్లో అటూ ఇటూ తిరుగుతాను. తెల్లారి ఆరింటికి వెన్ను కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. సాక్సు వేసుకోవాలంటే పాదం దాకా చెయ్యి అందదు. మంచం అంచున కూర్చుని, సాక్సుని నేలమీద నోరు తెరిచి పెట్టి, బొటనవేలు అందులో దూర్చి, రెండో కాలి మడమతో దాన్ని కొంచెం కొంచెంగా పైకి తోసుకుంటాను. ఒక్క సాక్సుకి పది నిమిషాలు. తర్వాత వేడినీళ్ళ స్నానం, కాసేపు వ్యాయామం, మెల్లగా నడక, అప్పటికిగానీ ఒళ్ళు వదులవదు. పది, పదకొండు అయ్యేసరికి మామూలు మనిషిని అయిపోతాను. ఆఫీసులో అందరికీ తెలిసింది ఆ పదకొండు గంటల మనిషి. ఆరు గంటల మనిషిని మా ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరూ చూడలేదు.

పోయిన నెల ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి సామాన్లు మార్చాం. ఆ రోజు నాకు బాగుంది, అందరితోపాటు అట్టపెట్టెలు మోశాను, సంతోషంగానే మోశాను. మర్నాడు ఒక కుర్చీ అటు జరపమంటే నా వల్ల కాలేదు. టీమ్‌లో ఒకతను ‘నిన్న పెట్టెలు మోశావుగా, ఇవాళ కుర్చీకే నడుంనొప్పి వచ్చిందా’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, మనిషి చెడ్డవాడు కాదు. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక ఆ మాట వదల్లేదు. ‘చూడ్డానికి బాగానే ఉన్నావుగా’ అంటే జవాబు చెప్పగలను, లోపల ఉన్న జబ్బు బయటికి కనపడదు అని. ‘నిన్న చేశావుగా’ అంటే ఏం చెప్పాలి? నిన్న నిజంగానే చేశాను కదా.

ఇప్పుడు అసలు విషయం. బయటికి కనిపించని వైకల్యాల గురించి 60 మంది ముందు 15 నిమిషాలు మాట్లాడమని ఆఫీసువాళ్ళు నన్ను అడిగారు. ఒప్పుకున్నాను గానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. నా జబ్బు గురించి చెప్పాలా వద్దా? చెప్తే రేపటినుంచి అందరూ నన్ను జాలిగా చూస్తారేమో, లేదా పెద్ద పనులేవీ ఇవ్వరేమో. ఒకరోజు చేయగలిగి ఇంకోరోజు చేయలేకపోవడం అనేది అసలు ఎలా అర్థమయ్యేలా చెప్పాలి? ఇంకో మాట, నాది ‘వైకల్యం’ అనడానికి నాకే నోరు రావడం లేదు. నడుస్తున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, ఆ మాట వాడే హక్కు నాకుందా అనిపిస్తోంది. ఇలాంటివి అనుభవించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చిన్నగాలి:

మీ పోస్టు రెండుసార్లు చదివాను. ‘నిన్న చేశావుగా’ అనే మాట నా జీవితంలో నేను ఎక్కువసార్లు విన్న మాట, అందుకే ముందు నేనే రాస్తున్నా.

నాకున్నది ఎంఈ/సీఎఫ్‌ఎస్, అంటే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. చాలామంది దీన్ని ‘ఎప్పుడూ అలసటగా ఉండే జబ్బు’ అంటారు, ఆ పేరే మా కొంప ముంచింది, అలసట ఎవరికి ఉండదు చెప్పండి. అసలు లక్షణం అలసట కాదు. ఒంటికో మెదడుకో ఉన్న హద్దు దాటి శ్రమ పడితే, ఆ దెబ్బ అప్పటికప్పుడు కాకుండా ఒకరోజు, రెండ్రోజులు ఆగి తగులుతుంది, ఒక్కోసారి వారాల తరబడి లేవనివ్వదు. అంటే శనివారం మా చెల్లి పుట్టినరోజుకి వెళ్ళి రెండు గంటలు కూర్చుని అందరితో నవ్వుతూ మాట్లాడి వస్తాను, ఫొటోల్లో చక్కగా ఉంటాను. సోమవారం పళ్ళు తోముకోవడానికి చెయ్యి పైకి లేవదు, కర్టెన్ సందులోంచి వచ్చే వెలుతురు కూడా భరించలేను. శనివారం చూసినవాళ్ళెవరూ సోమవారం ఉండరు. మీ ఆరు గంటల మనిషి లాగే నాది సోమవారం మనిషి.

స్పూన్ల పోలిక మీరు వినే ఉంటారు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) ఉన్న క్రిస్టీన్ మిజెరాండినో అనే ఆవిడ 2003లో రాశారు, రోజుకి చేతిలో ఇన్నే స్పూన్లు ఉంటాయి, స్నానానికి ఒకటి, బట్టలు మార్చుకోవడానికి ఒకటి, అలా ఖర్చు పెట్టుకుంటూ పోవాలి, అయిపోతే అంతే అని. చాలామందికి దాంతోనే మొదటిసారి అర్థమైంది, నాకు ఆవిడ మీద గౌరవం. మీ ప్రసంగంలో వాడితే తప్పు లేదు. కాకపోతే నా విషయంలో అది పూర్తిగా సరిపోదు, ఎందుకంటే పొద్దున్నే నా చేతిలో ఎన్ని స్పూన్లున్నాయో నాకే తెలీదు. ఖర్చయిపోయాయన్న సంగతి రెండ్రోజుల తర్వాత తెలుస్తుంది. అప్పు చేసినట్టు. వడ్డీ ఎంతో చెప్పకుండా ఇచ్చే అప్పు.

ఒక్కటి మాత్రం తప్పకుండా చెప్పండి. మీకు కదలిక మేలు చేస్తుంది, వ్యాయామం మీ చికిత్సలో భాగం. నాకు అదే కీడు చేస్తుంది. రోజూ కొంచెం కొంచెంగా వ్యాయామం పెంచుకుంటూ పొమ్మని మాలాంటివాళ్ళకి ఏళ్ళ తరబడి చెప్పారు, 2021లో బ్రిటన్‌లో డాక్టర్లకి వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఆ పద్ధతి వద్దని వాటిని మార్చింది. మనిద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఎవరికీ తేడా తెలీదు, ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఒకరు మంచాన పడతారు. అందుకే ‘రెస్ట్ తీసుకో’, ‘కాస్త వాకింగ్ చెయ్యి’ అని ఊరికే అనేయకండి, ముందు అడగండి అని ఆ 60 మందికీ చెప్పండి. నాకు వీలైతే నేనే వచ్చి చెప్పేదాన్ని.

వీలైతే ఒకరోజు పొద్దున ఆరింటికి మీ వీడియో తీయించి చూపించండి. ఆ సాక్సు వేసుకోవడం చూపిస్తే చాలు, పదిహేను నిమిషాల మాటలు అక్కర్లేదు.

నీలికలువ:

చిన్నగాలి గారూ, మీరు రాసిందంతా మనసుకి తగిలింది. కానీ ఆ చివరి సలహా ఒక్కటీ నేను ఒప్పుకోలేను, కోపంతో కాదు, నా కారణం చెప్తాను.

నాకు ఫిట్స్ ఉన్నాయి, 11 ఏళ్ళ వయసు నుంచి. ఫిట్స్ అనగానే కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడమే అందరికీ తెలుసు. నాకు వచ్చేది అది కాదు. చూపు ఒకచోట ఆగిపోతుంది, పెదాలు చప్పరిస్తాను, చేత్తో బట్ట అంచు నలుపుతూ ఉంటాను, పిలిస్తే పలకను. ఒకటి, ఒకటిన్నర నిమిషం. తర్వాత కాసేపు ఎక్కడున్నానో, ఏం మాట్లాడుతున్నానో అయోమయం. ఇది మూర్ఛేనని తెలియక స్కూల్లో పరధ్యానం అని నిలబెట్టారు, బదులివ్వడం లేదని పొగరు అన్నారు. ఒక ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పక్క సీటు అతను నాకు తెలియకుండా ఫోన్లో తీశాడు, ‘నీకు చూపిద్దామనే తీశా’ అన్నాడు. డాక్టరుకి చూపించడానికి ఇంట్లోవాళ్ళు తీస్తే అది వైద్యానికి నిజంగా పనికొస్తుంది, నా జబ్బేంటో తేలింది కూడా అలాంటి వీడియో చూశాకే. ఆఫీసులో నమ్మించడానికి నేనెందుకు చూపించాలి? మనం కుప్పకూలిపోయిన క్షణాన్ని చూస్తేగానీ నమ్మం అనేవాళ్ళకి అది అలవాటు చేయకూడదు. ఇవాళ మెట్లదారి గారు చూపిస్తే రేపు చూపించడం ఇష్టంలేని ఇంకొకరిని ‘నీ వీడియో ఏది’ అన్నట్టు చూస్తారు.

మీ గురించి చెప్పాలా వద్దా అంటే, చెప్పండి, కానీ ఎంతవరకు చెప్తారో ముందే గీత గీసుకోండి. నేనైతే ముగ్గురికి వివరంగా చెప్పాను, మిగతావాళ్ళకి చేయాల్సింది మాత్రమే చెప్పాను. నేను అలా ఆగిపోతే పట్టుకుని కుదపొద్దు, పక్కన పదునైనవి, వేడివి ఉంటే జరపండి, తేరుకునేదాకా పక్కనే ఉండండి, తేరుకున్నాక నెమ్మదిగా మాట్లాడండి. కిందపడి కొట్టుకునే రకం ఎవరికైనా వస్తే గట్టిగా అదిమిపెట్టొద్దు, నోట్లో స్పూన్ గానీ గుడ్డ గానీ ఏదీ పెట్టొద్దు, తల కింద మెత్తటిది పెట్టి, కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైమ్ చూస్తూ ఉండాలి, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ హాల్లో ఈ ముక్క చెప్తే ఎప్పుడో ఒకరికి పనికొస్తుంది.

ఇంకొకటి, మంచి మనసుతో చేసినా సరైన చోట చేయని సాయం గురించి. నాకు ఫిట్స్ అని తెలిశాక మా టీమ్‌వాళ్ళు పాపం మెరిసే లైట్లన్నీ తీసేశారు. మెరిసే లైట్లవల్ల ఫిట్స్ వచ్చేది కొద్దిమందికే, నాకు రావు. నాకు ప్రమాదం నిద్ర తక్కువైతే. లైట్లు తీసేసిన అదే మనుషులు రాత్రి పదకొండు దాకా పని ఉంది, ఉండాలి అనేవాళ్ళు. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు, రెండూ తప్పే.

ఒకసందేహం:

తప్పుగా అనుకోవద్దు, మనసులో ఉన్నది అడుగుతున్నా. నేను షిఫ్టులు వేసే పనిలో ఉన్నాను. కనిపించని జబ్బు అంటే కాదనడానికి నా దగ్గర ఏ ఆధారం ఉండదు. ఒకరికి సడలింపు ఇస్తే పక్కవాళ్ళు ‘మాకూ ఉంది’ అంటే ఏం చేయాలి? నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్ళకి నేను అన్యాయం చేయాలనుకోవడం లేదు. కానీ ఆ రోజు రానివాళ్ళ పని కూడా ఎవరో ఒకరు చేయాలి కదా, వాళ్ళూ మనుషులే. ఇది కూడా మాట్లాడుకోవాలి.

పాతటీమ్‌లీడ్:

ఒకసందేహం గారూ, మీరు అడిగింది ఒకప్పుడు నా బుర్రలో ఉన్నదే. అడిగినందుకు మంచిదైంది, నేను బయట పెట్టకుండా లోపలే పెట్టుకుని ఒక మనిషిని పోగొట్టుకున్నాను.

తొమ్మిదేళ్ళ కిందట నా టీమ్‌లో ఒకావిడ ఉండేది. పని బాగా చేసేది. కానీ తరచూ సీట్లోంచి లేచి వెళ్ళిపోయేది, మీటింగ్ మధ్యలో కూడా. ఒక వారం నేను కాగితం మీద లెక్క రాశాను, ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపటికి వచ్చింది అని. ఆ కాగితం ఇప్పటికీ గుర్తుంది, పసుపు రంగు, గీతలు గీతలుగా టిక్కులు. సంవత్సరం చివరి సమీక్షలో ‘సీట్లో అందుబాటులో ఉండరు’ అని రాశాను. ఆవిడ ఏమీ అనలేదు. రెండు నెలలకి రాజీనామా చేసింది. ఆఖరి రోజున చెప్పింది, తనకి అల్సరేటివ్ కొలైటిస్ అని, పెద్దపేగు లోపలి పొరలో పుళ్ళు పడతాయని, జబ్బు తిరగబెట్టినప్పుడు రోజుకి పది పన్నెండుసార్లు, ఒక్కోసారి నిమిషం కూడా ఆగలేని పరిస్థితి అని. మధ్యలో నెలల తరబడి ఏమీ ఉండదట. ‘బాగున్న నెలలు చూసి మీరు నన్ను తీసుకున్నారు, బాగోలేని నెలలు చూసి లెక్క రాశారు’ అంది. కోపంగా కాదు, మామూలుగా చెప్పింది. ఆ మాటకి నేను ఇప్పటికీ జవాబు చెప్పుకోలేకపోతున్నాను. ఆవిడ అడిగింది ఏమీ లేదు, తలుపు పక్క సీటు ఇచ్చి ఉంటే చాలు. నేను కిటికీ పక్క సీటు ఇచ్చి మంచి సీటు ఇచ్చాననుకున్నాను.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చాను. జబ్బు పేరు అడగడం మానేశాను. టీమ్‌లోకి ఎవరొచ్చినా, ఆరోగ్యంగా కనిపించినా కనిపించకపోయినా, అందరినీ ఒకటే అడుగుతాను: నీ పని సజావుగా సాగడానికి ఏం కావాలి, ఇప్పుడు ఏది అడ్డొస్తోంది? అందరినీ అడగడంలోనే కిటుకు ఉంది. ఒకరినే అడిగితే వాళ్ళు దొరికిపోయినట్టు ముడుచుకుంటారు. ఒకరు మీటింగ్‌లో చెప్పింది తర్వాత రాసి పంపమన్నారు, వినగానే బుర్రలో నిలవదు అన్నారు. ఒకరు గంటకోసారి ఐదు నిమిషాలు విరామం అడిగారు. ఒకరికి మైగ్రేన్, సీటు పైన ట్యూబ్‌లైట్ ఒకటి తీయించమన్నారు. ఒకాయన వాళ్ళ నాన్నగారిని చూసుకోవాలి, సాయంత్రం తొందరగా వెళ్తాను, పొద్దున్నే వస్తాను అన్నారు, అదీ ఇచ్చాం, దానికి జబ్బే ఉండక్కర్లేదు.

‘మాకూ ఉంది’ అంటారేమో అన్నారు. నా అనుభవంలో ఎక్కువమంది అడగడానికే భయపడతారు, అవసరం ఉన్నదాంట్లో సగం కూడా అడగరు. అబద్ధం ఆడేవాళ్ళు ఎవరైనా ఉంటే అది వాళ్ళ పని తీరులో ఎలాగూ తెలుస్తుంది, దానికోసం నిజంగా నొప్పితో ఉన్నవాళ్ళందరి చేతా రుజువులు మోయించడం న్యాయం కాదు. పక్కవాళ్ళ మీద భారం పడుతుందన్న మాట మాత్రం నిజం, దాన్ని నేను తోసెయ్యను. అందుకే ఎవరైనా రాలేని రోజుకి ముందే ఏర్పాటు చేసుకుంటాం, ప్రతి పనీ కనీసం ఇద్దరికి తెలిసి ఉంటుంది. ఇది అందరికీ పనికొస్తుంది, ఎవరికి జ్వరం వచ్చినా పనికొస్తుంది.

మెట్లదారి గారూ, ‘ఆ మాట వాడే హక్కు ఉందా’ అన్నారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో వైకల్యాన్ని చెప్పిన తీరు చూడండి. దీర్ఘకాలంగా ఉండే శారీరక, మానసిక, మేధాపరమైన లేదా ఇంద్రియపరమైన లోపం, దానికి ఎదురయ్యే అడ్డంకులు, ఆ రెండూ కలిసి మనిషిని మిగతావాళ్ళతో సమానంగా పాల్గొనకుండా ఆపడం. బయటికి కనపడాలని అందులో ఎక్కడా లేదు. మరీ భారం కాని మార్పులు చేయడానికి నిరాకరిస్తే దాన్ని వివక్షగానే లెక్కించింది. నేను పెట్టిన ఆ పసుపు కాగితం ఏంటో నాకు ఇది చదివాకే తెలిసింది.

వింటున్నా:

నేను చిన్నగానే రాద్దామనుకున్నా, చూద్దాం.

నాకు రెండు చెవుల్లోనూ వినికిడి తక్కువ. జుట్టు కింద చెవి మిషన్లు కనపడవు. అవి పెట్టుకుంటే కళ్ళజోడు పెట్టుకున్నట్టు అంతా సరైపోతుంది అనుకుంటారు, అలా అవ్వదు. మిషన్ నా ఎదురుగా ఉన్న మనిషి గొంతునీ పెంచుతుంది, కుర్చీల చప్పుడునీ పెంచుతుంది, పక్క బల్ల మీద మాటల్నీ పెంచుతుంది. కొత్తరకం మిషన్లు చప్పుడు కొంత తగ్గిస్తాయి, అయినా ఇద్దరున్న గదిలో నేను బాగా వింటాను, పదిమందిలో సగం ఊహించుకుంటాను. అందుకే నాకూ అదే వాక్యం వస్తుంది, ‘ఇందాక వినిపించిందిగా’. ఇందాక గది నిశ్శబ్దంగా ఉంది, మీరు నావైపు తిరిగి మాట్లాడారు, అంతే తేడా. సాయంత్రానికి తల పగిలిపోతుంది, రోజంతా ఖాళీలు పూరించుకుంటూ వినడం అంత శ్రమ.

నన్ను బాగా బాధపెట్టేది ఒకటుంది. అందరూ నవ్వుతారు, ఏమైంది అని అడుగుతాను, ‘ఏం లేదులే’ అంటారు. చెప్పినవాళ్ళకి అది చిన్నమాట. ఆ నాలుగు సెకన్లలో ఆ గదిలో నేను లేను. దయచేసి ఇంకోసారి చెప్పండి. అరవొద్దు, అరిస్తే మాట వంకరపోతుంది, పెదాలు కూడా చదవలేను. మొహం నావైపు పెట్టి మామూలుగా, కొంచెం నెమ్మదిగా చెప్పండి, అదే మాట అర్థం కాకపోతే వేరే మాటల్లో చెప్పండి. ఆన్‌లైన్ మీటింగుల్లో క్యాప్షన్లు పెట్టండి.

పొద్దుతిరుగుడు పూల పట్టీ గురించి ఎవరూ రాయలేదు. 2016లో లండన్ గాట్విక్ ఎయిర్‌పోర్టులో మొదలైంది, ఆకుపచ్చ పట్టీ మీద పసుపు పూలు, మెడలో వేసుకుంటే ‘నాకు బయటికి కనపడని ఇబ్బంది ఉంది, కొంచెం సమయం, సాయం కావాల్సి రావచ్చు’ అని అర్థం. ఏ జబ్బో చెప్పక్కర్లేదు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. జపాన్‌లో దీనికి ముందే, 2012లో టోక్యోలో, ఎర్ర రంగు మీద తెల్ల ప్లస్సు, హృదయం గుర్తు ఉన్న ట్యాగు తెచ్చారు. నేను ఎయిర్‌పోర్టుల్లో ఆ పట్టీ వేసుకుంటాను, గేటు మారిందని మైకులో చెప్తే నాకు వినపడదు, పట్టీ చూసి ఎవరో ఒకరు దగ్గరికొచ్చి చెప్తారు. ఆఫీసులో మాత్రం వేసుకోను. రోజూ చూసే మనుషుల దగ్గర కూడా మెడలో గుర్తు ఉంటేనే మర్యాద దొరుకుతుంది అంటే నాకు కష్టంగా ఉంటుంది. ఇది నా ఇష్టం, వేసుకునేవాళ్ళని తప్పు పట్టను.

పాతటీమ్‌లీడ్ గారూ, మీరు ఆ కాగితం సంగతి దాచుకోకుండా రాశారు, థాంక్స్.

ఒకసందేహం:

పాతటీమ్‌లీడ్ గారూ, అందరినీ ఒకేలా అడగడం అన్నది నాకు తట్టలేదు. మా దగ్గర వచ్చే నెల షిఫ్టులు మళ్ళీ వేస్తాం, అప్పుడు అలాగే అడుగుతాను. రాత్రి షిఫ్టు నుంచి ఎప్పుడూ తప్పించుకుంటాడని నేను అనుకునే ఒక కుర్రాడున్నాడు. నీలికలువ గారి పోస్టు చదివాక అతని గురించి వేరేలా అనిపిస్తోంది. ఏదైనా ఊహించుకోను, అడుగుతాను.

మెట్లదారి:

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిన్నే మాట్లాడాను, ఇవాళ ఒళ్ళు కొంచెం పట్టేసింది, నిలబడి టైప్ చేస్తున్నాను.

వీడియో చూపించలేదు. నీలికలువ గారి మాట చదివాక మనసొప్పలేదు. కానీ చిన్నగాలి గారు అన్న ‘సోమవారం మనిషి’ దగ్గరే ఆలోచన ఆగిపోయింది, దాన్నుంచే ఒకటి తట్టింది. బోర్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక పెద్ద గీత గీసి 24 గంటలు గుర్తులు పెట్టాను. ముందు జబ్బు గురించి ఏమీ చెప్పలేదు. స్కెచ్ పెన్నులు ఇచ్చి, ‘మీరు నన్ను ఏయే టైముల్లో చూశారో అక్కడ ఒక చుక్క పెట్టండి’ అన్నాను. అందరూ లేచి వచ్చి పెట్టారు. పది నుంచి ఆరు వరకు గీత కనపడనంత చుక్కలు. ఆరు తర్వాత నాలుగైదు. మిగతా గీతంతా ఖాళీ. అప్పుడు రాత్రి మూడింటి దగ్గర, పొద్దున ఆరింటి దగ్గర నేను వేరే రంగుతో చుక్కలు పెట్టి, అక్కడ ఏం జరుగుతుందో చెప్పాను. సాక్సు సంగతి కూడా చెప్పాను, మాటల్లోనే.

ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మందికి, అంటే ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, వాళ్ళలో చాలామందిది చూడగానే తెలిసేది కాదు అని చెప్పాను, ఆ లెక్కన ఈ హాల్లో పదిమంది దాకా ఉండొచ్చు, ఎవరో తెలుసుకోవాల్సిన పని లేదు అన్నాను. వింటున్నా గారి ‘ఏం లేదులే’ గురించి చెప్తుంటే వెనక వరసలో ఒకావిడ తల దించుకుంది. ఎందుకో నేను అడగలేదు. ఫిట్స్ వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా చెప్పాను, చాలామంది రాసుకున్నారు. ‘వైకల్యం’ అన్న మాట నా గురించి ఒక్కసారే వాడాను, గొంతు కాస్త వణికింది, కానీ వచ్చింది.

8:30కి ఉండే రోజువారీ కాల్‌ని 10:30కి మార్చారు. అది నేను అడగలేదు, అక్కడే ఎవరో అన్నారు, మిగతావాళ్ళు సరే అన్నారు. పెద్ద పనులు ఇస్తారో లేదో ఇంకా తెలీదు, చూడాలి.

పెట్టెల మాట అన్నతను అందరూ వెళ్ళేదాకా ఆగాడు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను, నాకూ ఇబ్బందిగానే ఉంది. అతను బోర్డు వైపు చూస్తూ, ‘ఆ రోజు పెట్టెలు మోశాక రాత్రి ఎన్నింటికి లేచారు?’ అని అడిగాడు. అసలు పడుకోలేదు, తెల్లారేదాకా నడుస్తూనే ఉన్నాను అన్నాను. పెన్ను తీసుకుని ఖాళీగా ఉన్న గీత మీద, ఆ గంటల మీదుగా, మెల్లగా ఒక గీత గీశాడు.